రోడ్డుకు ఒక చెవి

మా ల్యాబులో నాకు తప్ప అందరికీ కళ్ళున్నాయి. ఆ ల్యాబుకున్న పెద్ద లోపం అదేనని నేనంటే మొదట్లో అందరూ నవ్వేవారు. ఇప్పుడు నవ్వడం లేదు.

నా పేరు నూకరత్నం. పుట్టుకతోనే చూపు లేదు. విశాఖపట్నంలో సముద్రానికెదురుగా కొండ మీదున్న ఒక పరిశోధనశాలలో ‘ఆనవాలు’ అనే ఫోనును పరీక్షించడం నా ఉద్యోగం. పరీక్షించడమంటే మరేం లేదు. వాళ్ళు తయారుచేసినదాన్ని చెవులకు తగిలించుకుని నడవాలి. దేన్నయినా గుద్దుకుంటే తిట్టాలి. తిట్టడంలో నాకు మంచి పేరుంది.

మొదటిరోజు హైమవతి మేడమ్ నన్ను పొడుగాటి వరండాలో నిలబెట్టి, చేతిలో కర్ర తీసేసుకుని, “నడువు రత్నం” అన్నారు. ఆవిడ ఈ ఫోను కోసం తొమ్మిదేళ్ళు పనిచేశారు. గొంతులో వణుకు తెలుస్తూనే ఉంది. రెండు చెవుల్లోనూ బుల్లి స్పీకర్లు పెట్టారు. అడుగు వేశాను. కుడిపక్క గాజులు కదిపినట్టు సన్నటి గలగల. చెయ్యి చాపితే అక్కడ గోడ ఉంది. ఎదురుగా నీటిబొట్లు పడుతున్న చప్పుడు వినిపించింది. అటే వెళ్ళాను. బొట్ల చప్పుడు దగ్గరపడింది. జానెడు దూరంలో ఆగి, “ఫణీంద్రా, పొద్దున్న ఇడ్లీలోకి అల్లం పచ్చడి తిన్నావు కదూ?” అన్నాను. ఫణీంద్ర అంటే మా ప్రోగ్రాములు రాసే కుర్ర ఇంజినీరు. వాడు గెంతినంత పనిచేశాడు. మేడమ్ మాత్రం ఏడ్చేశారు.

తర్వాత వాడే నాకు అర్థమయ్యేలా చెప్పాడు. సెల్‌టవరు నుంచి వచ్చే తరంగాలు గోడకీ, మనిషికీ, బస్సుకీ తగిలి చెదిరిపోతుంటాయట. ఆనవాలు ఆ చెదిరినవాటిని పట్టుకుని మా ల్యాబుకు పంపుతుంది. ఇక్కడి యంత్రాలు లెక్కకట్టి, గోడో కుర్చీయో అయితే గలగల, మనిషయితే నీటిబొట్టు, నడిచే బండయితే డప్పు, ఇలా చప్పుళ్ళు చేసి తిప్పి పంపుతాయి. పోవడం, రావడం అంతా రెప్పపాటులో అయిపోతుంది.

నా గొడవల్లా రెండో చెవి గురించే.

నేను చదివిన అంధుల బడిలో రమణమూర్తి మాస్టారని నడక నేర్పే మాస్టారుండేవారు. ఆయనకూ చూపు లేదు. చలికాలం పొద్దున్నే మేం మంకీ టోపీలు పెట్టుకుని వరసలో నిలబడితే, ఒక్కొక్క తలా తడిమేవారు. రెండు చెవులూ కప్పుకున్నవాళ్ళు దొరికితే ఎడమవైపు టోపీ పైకి మడిచి ఆ చెవి మెలిపెట్టేవారు. “రెండూ నువ్వే ఉంచుకుంటే రోడ్డుకేటి మిగిలిందే? ఒక చెవి నీది. ఒక చెవి రోడ్డుది.” ఆయన రెండో పాఠం కూడా అలాంటిదే. “ఏ చప్పుడూ తెలియలేదా, కదలకు. నిలబడిపో. నిలబడ్డవాణ్ణి జనమే చూసుకుని పోతారు.” ఈ రెండు పాఠాల మీదే పాతికేళ్ళు బతికాను. మా ఆయన సూరిబాబూ అంతే. మా ఇద్దరిదీ ఒకటే బడి.

అందుకని నెలరోజులు ఒక్క చెవితోనే పరీక్షలు చేశాను. ఒక్క చెవితో ఏముందో తెలిసేది, ఎటుందో తెలిసేది కాదు. చివరికి మేడమ్ బతిమాలారు. “ఒక్క వారం రెండు చెవులూ ఇవ్వు రత్నం. నచ్చకపోతే నీ మాటే.”

ఆ వారంలోనే నేను పరిగెత్తాను. బీచిలో తడి ఇసుక మీద, కర్ర లేకుండా, ఎవరి భుజం మీదా చెయ్యి వెయ్యకుండా, ఊపిరి అందనంతగా పరిగెత్తాను. ఎంత ఆనందమయిందో చెప్పలేను. అది రుచి చూశాక మాస్టారి పాఠం నాకు పాత సామానులా అనిపించింది. నిజం దాచడమెందుకు, ఆయన మీద కాస్త జాలి కూడా కలిగింది.

ఆ తర్వాత ఊళ్ళో అందరికంటే నాకే ఎక్కువ పట్టింది ఆ పిచ్చి. ముందు సూరిబాబును పట్టుకున్నాను. ఆయన ఒక పెద్దాసుపత్రిలో టెలిఫోన్ ఆపరేటరు. వెయ్యి నంబర్లు నోటికొచ్చు, మొండితనం అంతకంటే ఎక్కువ. “నాకొద్దే బాబూ. నా కర్రకు చార్జింగు అక్కర్లేదు” అన్నాడు. వారం రోజులు మాట్లాడ్డం మానేస్తే దారికొచ్చాడు. ఆ తర్వాత మాస్టారు. రిటైరయి అక్కయ్యపాలెంలో ఒంటరిగా ఉంటున్నారు. డెబ్భైకి దగ్గర. ఆయన చెవులకు నేనే, నా చేతులతోనే తగిలించాను.

“రెండూ మూసేస్తన్నావేటమ్మా?” అన్నారు.

“మూయడం కాదు మాస్టారూ, తెరవడం.”

ఆయన వీధి చివరిదాకా నడిచి, తిరిగొచ్చి చాలాసేపు ఏమీ అనలేదు. ఆ తర్వాత, “మీకు నేర్పినప్పుడు ఇది లేదు మరి” అన్నారు. అలా నలభైమంది అయ్యాం.

ఒక్క ఇబ్బంది ఉండేది. ఆనవాలు ఒకే కంపెనీ టవర్ల మీద పనిచేసేది. ఆ కంపెనీ మా ల్యాబు దాకా తన సొంత లైను వేసింది. అయితే వాళ్ళ సిగ్నలు కొన్ని వీధుల్లో అందేది కాదు. “మీ ఆనవాలు సందు మలుపు తిరిగితే సచ్చిపోతందే రత్నం” అని సూరిబాబు రోజూ దెప్పేవాడు. మాస్టారి వీధిలోనూ అదే గోల. నేను ఫణీంద్ర వెంటపడ్డాను. ఒక కంపెనీ సిగ్నలు పోతే ఇంకో కంపెనీది అందుకునేలా చెయ్యమన్నాను. చూపున్నవాళ్ళ ఫోన్లు నాలుగు కంపెనీల మీదా తిరుగుతుంటే మాకే ఈ కట్టుకొయ్య ఏమిటని మీటింగులో అందరిముందూ పోట్లాడాను. పాపం, వాడు మూడు వారాలు కూర్చుని చేశాడు. మామూలు కాల్స్ పాత కంపెనీ మీదే, ఆనవాలు చప్పుళ్ళు మాత్రం ఏది దొరికితే దాని మీద. గురువారం నలభై ఫోన్లలోకీ ఎక్కించారు. ల్యాబులో పునుగులు తెప్పించుకుని పండగ చేసుకున్నాం.

మంగళవారం పొద్దున్న తొమ్మిదీ నలభై అయింది. ల్యాబు వరండాలో రోజూ నడిచే దారిలో నడుస్తున్నాను. గలగల చప్పుడు ప్రకారం కుర్చీ ఇంకా రెండడుగుల దూరంలో ఉండాలి. మోకాలికి ఠంగున తగిలింది. కుర్చీతో సహా పడ్డాను.

తిట్టడానికి నోరు తెరిచి ఆగిపోయాను. నేను పడిపోయాక, నేల మీదుండగా, కుర్చీ గలగల నా ముఖం దగ్గరకొచ్చి ఆగింది.

“ఫణీంద్రా! నా ముందు నిలబడి పక్కకు దూకు.”

వాడు దూకాడు. వాడి చెప్పుల చప్పుడు కుడిపక్క వినబడింది. నీటిబొట్టు మాత్రం ఇంకా ఎదురుగానే పడుతోంది. కాసేపాగి, తీరిగ్గా, అదీ కుడిపక్కకు వచ్చింది.

“ఇది ఆలస్యంగా చెబుతోంది” అన్నాను. “ఇప్పుడున్నది కాదు, ఇందాకటిది చెబుతోంది.”

ఫణీంద్ర నా చేతిలో ఫోను తీసుకున్నాడు. “ఓ, ఇది వేరే కంపెనీ మీదకెళ్ళిందక్కా. పొద్దున్న కొండ కింద ఎవరో జేసీబీతో తవ్వి మన కంపెనీ కేబుల్ తెంపారట, సగం ఊరికి సిగ్నల్ లేదు. వేరే కంపెనీ మీదయితే చెన్నై తిరిగి రావాలి. సెకను పైనే పడుతుంది. అయినా ఎర్రచుక్క వచ్చిందిగా? ఆలస్యమయితే ఎర్రచుక్క వచ్చేలా పెట్టాను.”

“ఎక్కడొచ్చింది?”

“ఇక్కడే, స్క్రీన్ పైన...”

మాట మధ్యలో ఆగిపోయాడు. వరండాలో అటూ ఇటూ వెళ్తున్నవాళ్ళూ ఆగారు. వాళ్ళంతా ఆ ఎర్రచుక్కను చూసినవాళ్ళే. మూడు వారాల్లో ఎన్నోసార్లు చూసి, బాగుంది అనుకున్నవాళ్ళే. చూపులేనివాళ్ళ ఫోనుకు ఎర్రచుక్క పెడితే ఎవరు చూస్తారని ఒక్కరికీ తట్టలేదు. నాకెలా తడుతుంది? అది అక్కడుందని నాకు చెప్పిందెవరు?

కోపం రావడానికి కూడా టైము లేదు. ఒక సెకనంటే నాకు రెండడుగులు, ఒక కుర్చీ. హైవే మీద బస్సుకు సెకనంటే ఎంత దూరం? సూరిబాబు తొమ్మిదిన్నరకు ఇంటినుంచి బయల్దేరతాడు. ఆసుపత్రికెదురుగా బస్సు దిగి హైవే దాటుతాడు. నాలుగు వరసల రోడ్డు. రెండు చెవులూ మూసుకుని, కర్ర ఇంట్లో పెట్టి. కర్ర మోసుకెళ్ళడం దేనికని నవ్వింది నేనే.

ఫోను చేశాను. కలవలేదు. మళ్ళీ చేశాను. కాల్స్ పాత కంపెనీ మీదే కదా, ఆ కంపెనీయే లేదు.

అందరం యంత్రాల గదిలోకి పరిగెత్తాం. మేడమ్ అప్పటికే అక్కడున్నారు. “ఎవరి ఫోను వేరే కంపెనీ మీదుందో చూసి వాళ్ళకు మాత్రం ఆపెయ్” అన్నారు.

“మనకు తెలీదు మేడమ్. ఏ కంపెనీ మీదుందో ఫోనుకే తెలుసు” అన్నాడు ఫణీంద్ర. “ఎవరు ఎక్కడున్నారో మాత్రం మ్యాపులో కనబడుతుంది. ఆపితే నలభైమందికీ ఒకేసారి ఆగిపోతుంది.”

“మాట పంపలేమా? ఆగండని?”

“మాట పంపే దారి పెట్టలేదు మేడమ్. చప్పుళ్ళే.”

మేడమ్ నా చెయ్యి పట్టుకున్నారు. “ఆపేస్తే వాళ్ళంతా ఎక్కడివాళ్ళక్కడ చీకట్లో ఉండిపోతారు. ఆపకపోతే... నువ్వు చెప్పు రత్నం. మాకు తెలీదు. నువ్వే చెప్పు.”

“ఆపెయ్యండి” అన్నాను. “చప్పుడు ఆగితే మేం ఆగిపోతాం. మాకు నేర్పింది అదే. తప్పు చప్పుడొస్తే నమ్మి నడుస్తాం. ఆపెయ్యి ఫణీంద్రా.”

వాడి కుర్చీ కిర్రుమంది. మీట మీద వేలు పెట్టి ఉంటాడు. అప్పుడు నా నోటినుంచి ఇంకో మాట వచ్చింది.

“ఆగు. పదిహేడు ఎక్కడున్నాడు?”

మ్యాపులో మాకు పేర్లు లేవు, అంకెలే. పదిహేడు సూరిబాబు.

“ఆసుపత్రి ఎదురుగా. రోడ్డు మీదున్నారక్కా. సగంలో.”

సగంలో. ఇప్పుడు ఆపితే సూరిబాబు హైవే నడిమధ్యన నిలబడిపోతాడు. నిలబడ్డవాణ్ణి జనం చూసుకుని పోవడానికి అది బడి వరండా కాదు.

“దాటనీ” అన్నాను. “ఆయన దాటేదాకా ఆగు.”

యంత్రాల ఫ్యాన్లు హోరుమంటున్నాయి. “కదులుతున్నారు” అన్నాడు ఫణీంద్ర. “కదులుతున్నారు... ఆగారు. అక్కా, ఆగిపోయారు.” నా గోళ్ళు మేడమ్ చేతిలో దిగబడ్డాయి. ఆవిడ చెయ్యి లాక్కోలేదు. ఎంతసేపని? దేవుడా, ఎంతసేపని? “కదిలారు. ఇంకొంచెం. ఇంకొంచెం. ఫుట్‌పాత్. ఎక్కేశారు!”

“నొక్కు!”

మీట పడింది. నా చెవుల్లో గోడలూ మనుషులూ ఒక్కసారిగా మాయమయ్యారు.

పన్నెండు నిమిషాల తర్వాత ల్యాబులో పాత ల్యాండ్‌లైను మోగింది. ఆ నంబరు నాకే సరిగా గుర్తుండదు. గుర్తుపెట్టుకునే మనిషి ఒక్కడే.

“ఏటే, మీ డబ్బా సచ్చిపోనాదేటి?” అన్నాడు సూరిబాబు. “గేటు కాడ సెక్యూరిటీ ఓడు సెయ్యట్టుకుని లోపలికి తెచ్చినాడు. పరువు పోనాది.”

నేను నేల మీద కూలబడి ఏడ్చాను. ఆయన కంగారుపడ్డాడు. “ఏటైందే? ఒలే, నాకేటీ అవనేదు. బస్సొకటి ముక్కు ముందునుంచి పోనాది, గాలి కొట్టింది గానీ డప్పు వినపడనేదు. అది ఎల్లిపోయినాక మోగింది డప్పు. అదేటో నువ్వే సెప్పాల.”

“ఇంటికొచ్చాక చెబుతాను. అక్కడే కూచో. కదలకు.”

“ఉండు, క్యాజువాలిటీ నుంచి లైనొస్తంది.” టిక్కుమని లైను మారింది. అరనిమిషం తర్వాత మళ్ళీ వచ్చాడు. ఈసారి ఆ గొంతు ఆయనది కాదనిపించింది.

“రత్నం. ఎవరినో ముసలాయన్ని తెచ్చినారట. మోటారుసైకిలు గుద్దీసిందట. సెవుల్లో మీ డబ్బాలే ఉన్నాయట. పేరేటని అడిగితే రమణమూర్తి మాస్టారని సెప్పినారట.”

మాస్టారి తుంటి ఎముక విరిగింది. ప్రాణానికి ప్రమాదం లేదన్నారు. మిగతావాళ్ళంతా ఎక్కడివాళ్ళక్కడ నిలబడిపోయి, ఎవరో ఒకరి చెయ్యి పట్టుకుని క్షేమంగా ఇళ్ళకు చేరారు. మేడమ్ ఆ సాయంత్రమే ఫోన్లన్నీ వెనక్కి తెప్పించారు. తప్పంతా తనదేనని కాగితం మీద రాసి సంతకం పెట్టారు. ఫణీంద్ర రెండు రోజులు అన్నం తినలేదు. అందరూ నన్ను మాత్రం మెచ్చుకున్నారు. రత్నం ధైర్యంగా నిర్ణయం తీసుకుందన్నారు.

మూడో రోజున ఫణీంద్రను పక్కన కూర్చోబెట్టుకుని, ఆ పొద్దుటి మ్యాపు చిట్టా చదవమన్నాను.

“ఎందుకక్కా ఇప్పుడు?”

“ఇరవైమూడు. చదువు.”

ఇరవైమూడు మాస్టారు. వాడు చాలాసేపు నాన్చాడు. చివరికి చదివాడు. నేను మొదట ‘ఆపెయ్యి’ అన్నప్పుడు ఇరవైమూడు వాళ్ళ వీధి మొదట్లో, పాలబూత్ ముందు, ఫుట్‌పాత్ మీదున్నారు. నిలబడే ఉన్నారు. ‘నొక్కు’ అన్నప్పుడు రోడ్డు మధ్యలో ఉన్నారు. ఆ రెండు మాటలకూ మధ్య ఇరవైరెండు సెకన్లు.

“నువ్వు చూశావా అప్పుడు?”

“చూశానక్కా. నువ్వు పదిహేడే అడిగావు. నేనూ పదిహేడునే...”

మర్నాడు ఆసుపత్రికెళ్ళాను. అటకెక్కించిన కర్ర దులిపి, బస్సులో, రెండు చెవులూ తెరుచుకుని వెళ్ళాను. ఊరెంత గోలగా ఉందో! ఏడాదిగా నేను ఊరిని వినలేదు. సూరిబాబు గేటు దగ్గరకొచ్చి వార్డు దాకా తీసుకెళ్ళి, “నువ్వే సెప్పుకో, నేను బయటుంటాను” అని వెళ్ళిపోయాడు. ఆయనకు ముందురాత్రే అంతా చెప్పాను. ఆ ఇరవైరెండు సెకన్లు తనకోసమేనని తెలిశాక ఆయన నాతో సరిగ్గా మాట్లాడలేకపోతున్నాడు.

మాస్టారి మంచం దగ్గర డెట్టాలు వాసన, కమలాపండు తొక్కల వాసన. కాలికి బరువు కట్టినట్టున్నారు, ఆయన కదిలినప్పుడల్లా ఇనుము కిర్రుమంటోంది.

“రత్నమా? కర్ర చప్పుడు విని ఎవరో అనుకున్నాను.”

స్టూలు లాక్కుని కూర్చున్నాను. బాగున్నారా అని కూడా అడగలేదు. అడిగితే తర్వాతి మాట రాదని భయం. ఎర్రచుక్క గురించి చెప్పాను. చెన్నై తిరిగొచ్చే చప్పుళ్ళ గురించి చెప్పాను. ఆపేద్దామన్నది నేనేనని చెప్పాను.

“మంచిపని చేశావు” అన్నారు. “టక్కున ఆగిపోయింది. నిలబడిపోయాను. నేను మీకు చెప్పినట్టే.” చిన్నగా నవ్వబోయి, నొప్పికి ఆగిపోయారు. “బండి కుర్రాడికి ఆ పాఠం తెలీదు పాపం.”

“మాస్టారూ, మీరు ఫుట్‌పాత్ మీదున్నప్పుడే ఆపేయాల్సింది. ఆపబోయాం. నేనే ఆగమన్నాను. సూరిబాబు రోడ్డు మీదున్నాడని ఆగమన్నాను. ఇరవైరెండు సెకన్లు. నలభైమందిలో నేను ఆయనొక్కణ్ణే అడిగాను. మీరెక్కడున్నారని అడగలేదు. నాకసలు గుర్తే రాలేదు.”

పక్కమంచం దగ్గర ఎవరో స్టీలు గ్లాసు కింద పెట్టారు. నర్సు చెప్పులు దగ్గరకొచ్చి, దాటి వెళ్ళిపోయాయి. ఆయన ఊపిరి మాత్రం వినిపిస్తోంది. తిట్టినా బాగుండేది.

“ఇలా వంగు” అన్నారు.

వంగాను. ఆయన చెయ్యి గాల్లో తడుముకుంటూ వచ్చి నా తల మీద పడింది. జుట్టు మీదనుంచి ముందు కుడిచెవికి, తర్వాత ఎడమచెవికి వెళ్ళింది. రెండింట్లోనూ ఏమీ లేదని వేళ్ళతో చూసుకున్నారు.

“రెండూ తీసేశావేం?”

“ఇంక దాని జోలికి వెళ్ళను మాస్టారూ.”

“వెళ్ళకపోతే ఆ కళ్ళున్నవాళ్ళు మళ్ళీ ఎర్రచుక్కే పెడతారు.” ఆయన గొంతు బడిలో ఉన్నప్పటిలా గట్టిపడింది. “నేను వీధి చివరిదాకా నడిచొచ్చిన రోజు ఎందుకు మాట్లాడలేదో తెలుసా? అరవైతొమ్మిదేళ్ళకు మొదటిసారి మా వీధిలో వేపచెట్టు ఎక్కడుందో దానికి తగలకుండా తెలిసింది. నాకది మళ్ళీ కావాలి. ఒక్క చెవికి సరిపడేలా చేయించు. కంపెనీ మారితే నోరు తెరిచి చెప్పించు. రెండో చెవి దేనికి?”

“రోడ్డుకి” అన్నాను.

“మరి నన్ను మర్చిపోయినందుకు?”

దానికి జవాబూ ఆయనే చెప్పారు. ఎడమచెవి తమ్మె పట్టుకుని, పాతికేళ్ళ కిందట పట్టుకున్నట్టే, ఒక్క మెలిక తిప్పారు. ముసలి వేళ్ళలో అంత బలముందనుకోలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తల వెనక్కి లాక్కోలేదు. ఆయన వదలాలనిపించినప్పుడే వదిలారు.

ఆ చెవి రెండు రోజులు సలిపింది. మూడో రోజున ల్యాబుకెళ్ళి ఫణీంద్ర ముందు కూర్చున్నాను. వాడు అలవాటుగా రెండు స్పీకర్లూ నా చేతిలో పెట్టాడు. ఎడమచెవిది వాడికి తిరిగి ఇచ్చేశాను.